పేరు చెప్పని చట్టాలు: నేటాల్ మూడు పౌండ్ల పన్ను నుంచి మన పాస్‌పోర్టు దాకా

"చట్టం అందరికీ ఒకటే, అందులో మన పేరు ఎక్కడా రాసి లేదు కదా" అనే మాట క్యాంపుల్లో మనం ఎన్నోసార్లు వింటాం. ఏదో కొత్త రూలు వస్తుంది, దాని దెబ్బ మన మీదే పడుతున్నట్టు అనిపిస్తుంది, నలుగురూ గొణుక్కుంటుంటే ఎవరో ఒకరు ఈ మాట అనేస్తారు. మిగతావాళ్ళకు ఏం చెప్పాలో తోచక ఊరుకుంటారు. ఈ మాటకు జవాబు వెతుక్కుంటూ పోతే మనం నూట పాతికేళ్ళ కిందటి దక్షిణాఫ్రికాలో తేలతాం. మనలాగే కాంట్రాక్టు మీద సముద్రం దాటిన తెలుగువాళ్ళ మీద అక్కడ కొన్ని చట్టాలు వచ్చాయి. వాటిని మళ్ళీ చూడమని కమిషన్లు వేశారు. కొన్ని పోయాయి, కొన్ని అట్లాగే మిగిలాయి. ఏవి ఎందుకు పోయాయి, ఏవి ఎందుకు మిగిలాయి అన్నదే ఈ ఏటి మన చరిత్ర వ్యాసం.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి పోయిన ట్రూరో అనే ఓడ డర్బన్ రేవు చేరింది. అందులో 342 మంది ఉన్నారు. అప్పటి నుంచి 1911 దాకా లక్షా 52 వేల మంది మన దేశం నుంచి నేటాల్ అనే ఆ బ్రిటిష్ వలస రాజ్యానికి పనికి పోయారు. వాళ్ళలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులోనే ఓడ ఎక్కారు. విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు వాళ్ళలో చాలామంది. డర్బన్‌లో ఇవాళ్టికీ నాయుడు, రెడ్డి అన్న ఇంటిపేర్లు వినబడేది అందుకే. అక్కడి తెలుగువాళ్ళు 1931లో ఆంధ్ర మహాసభ కూడా పెట్టుకున్నారు.

ఒప్పందం అయిదేళ్ళు. 'అగ్రిమెంట్' అన్న మాట జనం నోళ్ళలో నలిగి 'గిర్మిట్' అయింది. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల జీతం, ఏడాదికొక షిల్లింగు పెంచి అయిదో ఏడు పద్నాలుగు. ఆడవాళ్ళకు అందులో సగం. తిండి, ఉండే చోటు యజమానివి. చెరకు తోటల్లో మొదలైన పని తర్వాత రైల్వేలకు, బొగ్గు గనులకు పాకింది. ఉత్తర తెలంగాణలో వలస అంటే "దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి" అంటాం. ఆ కాలంలో మన మద్రాసు రాజధాని జిల్లాల వాళ్ళకు బొగ్గుబాయి కూడా సముద్రం అవతలే దొరికింది.

చట్టాన్ని మళ్ళీ చూడడం అన్నది ఇక్కడ మొదటిసారి జరిగింది ఎవరి వల్లనో తెలుసుకోవాలి. 1871లో ఒప్పందం ముగించుకుని మద్రాసులో దిగినవాళ్ళు, అక్కడ జీతాలు కోశారని, కొరడాలతో కొట్టారని చెప్పుకున్నారు. భారత ప్రభుత్వం మనుషులను పంపడం ఆపింది. పని ఆగిపోతుంటే నేటాల్ ప్రభుత్వం 1872లో కమిషన్ వేసింది, కొరడా దెబ్బల శిక్ష తీసేసింది, కూలీల బాగోగులు చూడడానికి 'ప్రొటెక్టర్' అనే అధికారిని పెట్టింది. 1874లో ఓడలు మళ్ళీ కదిలాయి.

అయితే ప్రొటెక్టర్ దగ్గరికి పోవడం ఎట్లా? తోట దాటాలంటే యజమాని రాసిచ్చిన చీటీ కావాలి. 1891 చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒక తోటలోని కూలీలు గుంపుగా పని వదిలి ఫిర్యాదుకు పోతే అది నేరం, ఫిర్యాదు నిజమైనా సరే శిక్ష తప్పదు అంది. ఫిర్యాదు చేసుకునే హక్కు ఇచ్చి, అక్కడికి పోయే దారి మూశారన్నమాట. పని వదిలి పోవడం అప్పుడు యజమానికి నష్టం మాత్రమే కాదు, జైలుకు పంపే నేరం. మనలో పాస్‌పోర్టు లేక, బతాకా ముగిసి, 'ఖల్లివెల్లి' అనిపించుకుని తిరుగుతున్న వాళ్ళను చూసినవాళ్ళకు ఇది ఎక్కువ వివరించక్కర్లేదు.

1893లో నేటాల్ తెల్లవాళ్ళకు స్వపరిపాలన వచ్చింది. గిర్మిట్ ముగిసినవాళ్ళు అప్పటికి ఊరి చివర కూరగాయలు పండిస్తున్నారు, చేపలు పడుతున్నారు, చిల్లర కొట్లు పెట్టుకుంటున్నారు. ఇది అక్కడి తెల్ల వ్యాపారులకు కంటగింపు అయింది. అటు చెరకు తోటల యజమానులకేమో ఇంకా మనుషులు కావాలి. మనిషి పనికి రావాలి, పని అయిపోయాక ఊళ్ళో కనబడొద్దు. ఈ రెండు కోరికలూ ఒకేసారి తీర్చడానికి చట్టాలు రాయడం మొదలుపెట్టారు.

మొదటి ప్రయత్నం మొరటుగా చేశారు. 1894లో ఆసియా వాళ్ళకు ఓటు లేదని పేరు పెట్టి మరీ బిల్లు తెచ్చారు. నిజానికి అప్పటికి ఓటున్న భారతీయులు 250 మంది దాకా మాత్రమే. పాతికేళ్ళ వకీలు గాంధీ, అక్కడి వ్యాపారులు కలిసి పది వేల సంతకాలతో లండన్‌కు అర్జీ పంపారు. జాతి పేరు పెట్టి రాసిన చట్టం సామ్రాజ్యానికి చెడ్డపేరు తెస్తుందని లండన్ దాన్ని ఒప్పుకోలేదు. అర్జీ గెలిచింది. మరి ఆ తర్వాత? 1896లో అదే చట్టం వేరే మాటలతో తిరిగి వచ్చింది. పార్లమెంటు ఓటు మీద నిలిచిన ప్రతినిధి సభలు అంతకుముందు లేని దేశాల వాళ్ళకు ఓటు లేదు అని రాశారు. ఇండియా అన్న పేరు లేదు, ఆసియా అన్న పేరు లేదు. లండన్ ఈసారి సంతకం పెట్టింది.

ఆ కిటుకు బాగా పనికొచ్చింది. 1897లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి, నేటాల్‌లో అడుగు పెట్టేవాడు ఏదో ఒక యూరప్ భాష లిపిలో దరఖాస్తు రాయగలగాలి. తెలుగులో ఎంత పండితుడైనా అక్కడ చదువురాని వాడే. గిర్మిట్ మీద వచ్చే కూలీకి మాత్రం ఈ పరీక్ష లేదు! వాడు చదువుకోకపోయినా పరవాలేదు, తోటలో దిగితే చాలు. రెండోది దుకాణాల లైసెన్సు చట్టం. లైసెన్సు ఇవ్వాలా వద్దా అన్నది ఒక ఆఫీసరు ఇష్టం. ఆ ఆఫీసరుని పెట్టేది టౌన్ కౌన్సిల్, అతని మీద అప్పీలు వినేదీ అదే కౌన్సిల్, కోర్టుకు పోయే దారి లేదు. లెక్కల పుస్తకాలు ఇంగ్లిషులో ఉండాలి. ఇందులోనూ ఎవరి పేరూ లేదు. ఈ పద్ధతి బాగుందని బ్రిటిష్ వలస మంత్రి చాంబర్లేన్ మిగతా రాజ్యాలకు కూడా చెప్పాడు. ఆస్ట్రేలియా 1901లో యూరప్ భాషలో డిక్టేషన్ పరీక్ష పెట్టి, 1958 దాకా నడిపింది.

సైటు మీద పనిచేసే మనకు ఒక సంగతి తెలుసు. డ్రాయింగులో గోడ ఎప్పుడూ నిటారుగానే ఉంటుంది. గుండు వేలాడదీస్తేనే అది ఎటు ఒరిగిందో తెలిసేది. చట్టాన్ని చూసేటప్పుడు కూడా కాగితం మీది మాట ఒక్కటి చూస్తే చాలదు, అది ఎవరిని పట్టుకుంటుంది, ఎవరిని వదిలేస్తుంది అన్నది చూడాలి. వేలిముద్రల సంగతే తీసుకోండి. ట్రాన్స్‌వాల్‌లో 1907లో ఆసియా వాళ్ళంతా పది వేళ్ళ ముద్రలు ఇచ్చి రిజిస్టరు కావాలన్నారు, దాని మీద జనం జైళ్ళు నింపారు. ఇప్పుడు మనం వీసాకు, బతాకాకు, ఎయిర్‌పోర్టులో ముద్రలు వేస్తూనే ఉన్నాం, కంపెనీ మేనేజరూ వేస్తున్నాడు. ముద్ర వేయడం ఒక్కటే అయినా, అక్కడ కొందరిచేత మాత్రమే వేయించారు. తేడా అక్కడుంది.

ఇక మూడు పౌండ్ల పన్ను. 1895 నాటి 17వ చట్టం ప్రకారం, ఆ తర్వాత వచ్చిన కూలీకి అయిదేళ్ళు ముగిశాక మూడే దారులు. తిరిగి ఇండియా ఓడ ఎక్కాలి, లేదా మళ్ళీ గిర్మిట్ రాయాలి, లేదా స్వేచ్ఛగా ఉండాలంటే ఏడాదికి మూడు పౌండ్లు కట్టి పాసు తీసుకోవాలి. నేటాల్ వాళ్ళు మొదట అడిగింది 25 పౌండ్లు. దాన్ని మూడుకు తగ్గించి ఒప్పుకున్నది భారతదేశంలోని వైస్రాయి ఎల్గిన్. మన తరఫున బేరమాడవలసిన ప్రభుత్వం అసలు పన్నే వద్దనకుండా రేటు బేరమాడి వచ్చింది.

మూడు పౌండ్లు అంటే అరవై షిల్లింగులు. కొత్తగా వచ్చినవాడి ఆరు నెలల జీతం. 1903లో ఈ పన్నును పిల్లలకు కూడా పెట్టారు, మగపిల్లలకు పదహారేళ్ళు, ఆడపిల్లలకు పదమూడేళ్ళు నిండితే చాలు. భార్యాభర్తలు, ఎదిగిన ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి ఏడాదికి పన్నెండు పౌండ్లు, అంటే 240 షిల్లింగులు. గిర్మిట్ అయిదో ఏడు జీతం నెలకు 14 చొప్పున ఏడాదికి 168. బయట కూలి కాస్త ఎక్కువ దొరికినా ఈ లెక్క ఎట్లా తేలుతుంది? తేలదు. కట్టలేనివాడు మళ్ళీ గిర్మిట్ రాస్తాడు. పన్ను పెట్టింది ఖజానా నింపడానికి కాదు, మనిషిని తిరిగి తోటకు తోలడానికి. బాకీ ఉన్న ఆడవాళ్ళను సైతం కోర్టుకు లాగారు. 1910లో ఒక సవరణ తెచ్చి, ఆడవాళ్ళను వదిలేయాలా వద్దా అన్నది మేజిస్ట్రేటు ఇష్టానికి వదిలారు. ఇష్టానికి వదలడం హక్కు ఇవ్వడం కాదని ఇక్కడ చెప్పుకోవాలి.

1911 జులై 1 నుంచి నేటాల్‌కు కూలీలను పంపడం భారత ప్రభుత్వం పూర్తిగా ఆపేసింది. 1912లో గోపాలకృష్ణ గోఖలే దక్షిణాఫ్రికా పోయి మంత్రులతో మాట్లాడి, పన్ను తీసేస్తామని మాట ఇచ్చారని బయటికి చెప్పారు. అట్లాంటి మాట ఇవ్వలేదని ప్రభుత్వం తర్వాత అంది. 1913 మార్చి 14న కేప్ కోర్టులో సర్ల్ అనే జడ్జి, బహుభార్యాత్వాన్ని ఒప్పుకునే మతాల పద్ధతిలో జరిగిన పెళ్ళిళ్ళు అక్కడ చెల్లవని తీర్పు ఇచ్చాడు. ఒక్క తీర్పుతో హిందూ, ముస్లిం ఇళ్ళలోని భార్యలు చట్టం ముందు భార్యలు కాకుండా పోయారు. అప్పటిదాకా ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు బయటికి వచ్చింది దీని తర్వాతే.

అక్టోబరులో ట్రాన్స్‌వాల్ నుంచి కొందరు తమిళ స్త్రీలు న్యూకాసిల్ బొగ్గు గనుల దగ్గరికి పోయి, పన్ను తీసేసేదాకా పని మానమని కూలీలకు చెప్పారు. వాళ్ళతో పాటు మారిషస్‌లో పుట్టిన తంబి నాయుడు ఉన్నాడు. తమిళంతో పాటు తెలుగు కూడా కొంత వచ్చిన మనిషి. గనులు ఆగిపోయాయి. నవంబరు 6న చార్లెస్‌టౌన్ నుంచి సరిహద్దు దాటి నడక మొదలైంది. గాంధీ తర్వాత రాసుకున్న లెక్క ప్రకారం 2,037 మంది మగవాళ్ళు, 127 మంది ఆడవాళ్ళు, 57 మంది పిల్లలు. అనుమతి లేకుండా ట్రాన్స్‌వాల్‌లో అడుగు పెట్టడం నేరం కాబట్టి ఆ నేరం కావాలనే చేశారు. వాళ్ళను రైళ్ళలో వెనక్కి తెచ్చి, జైళ్ళు చాలక గనుల కాంపౌండ్లనే జైళ్ళుగా ప్రకటించారు. గని మేస్త్రీలే వార్డర్లు. సమ్మె కట్టినవాడికి శిక్ష ఏమిటంటే, సమ్మె కట్టిన గనిలోనే పని. అప్పటికి సమ్మె సముద్రం పక్క చెరకు తోటలకు కూడా పాకింది. తోటల్లో కాల్పులు జరిగి కూలీలు చనిపోయారు. వాళ్ళ పేర్లు చాలా పుస్తకాల్లో కనబడవు.

నవంబరు 24న వైస్రాయి హార్డింజ్ మద్రాసులో మాట్లాడుతూ సమ్మె చేసినవాళ్ళ వైపు సానుభూతి చూపించాడు, నిష్పక్షపాతమైన విచారణ కావాలన్నాడు. ఒక బ్రిటిష్ వైస్రాయి ఇంకో బ్రిటిష్ రాజ్యాన్ని బహిరంగంగా తప్పుపట్టడం చిన్న సంగతి కాదు. డిసెంబరులో కమిషన్ వేశారు. అధ్యక్షుడు సర్ విలియం సాలమన్, సభ్యులు ఎస్సెలెన్, కర్నల్ వైలీ. ఈ వైలీ ఎవరంటే, 1897 జనవరిలో గాంధీతో పాటు వచ్చిన భారతీయులను ఓడ దిగనివ్వమని డర్బన్‌లో గుంపు కట్టినవాళ్ళలో ముందున్న మనిషి. మా మనుషులను వేయమని భారతీయులు అడగలేదు, నమ్మదగిన తెల్లవాళ్ళ పేర్లే ఇచ్చి కలపమన్నారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. భారతీయులు కమిషన్ ముందుకు సాక్ష్యానికి పోలేదు.

ఇంత చేసినా కమిషన్ 1914 మార్చిలో పన్ను తీసేయమనే రాసింది. అంతకుముందే గనులు, తోటలు ఆగిపోయి జవాబు చెప్పేశాయని మాకు అనిపిస్తుంది. ఆ ఏడే భారతీయుల ఉపశమన చట్టం వచ్చింది. మూడు పౌండ్ల పన్ను రద్దు, పాత బాకీలు రద్దు. ఒక భార్య ఉన్నవాళ్ళ పెళ్ళిళ్ళు చెల్లుతాయి. జులైలో గాంధీ ఓడ ఎక్కి వెళ్ళిపోయారు.

మన పుస్తకాల్లో కథ సాధారణంగా ఇక్కడ ఆగుతుంది. మిగిలినవి కూడా చెప్పుకోవాలి. ఓటు చట్టం మిగిలింది. లైసెన్సు చట్టం మిగిలింది. ట్రాన్స్‌వాల్‌లో భూమి కొనడం మీద 1885 నుంచి ఉన్న నిషేధం మిగిలింది. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోవడానికి పర్మిటు మిగిలింది. అంటే పేరు పెట్టకుండా రాసినవి చాలా వరకు నిలిచాయి. ఉపశమనం అని పేరు పెట్టిన చట్టంలోనే ఇంకో సెక్షను ఉంది. అక్కడ ఉండే హక్కు వదులుకుంటే ఇండియాకు టికెట్టు ప్రభుత్వమే ఇస్తుంది. చూడడానికి సాయమే. దాన్నే తర్వాతి ఏళ్ళలో భారతీయులను పంపించేసే పథకాలకు వాడుకున్నారు.

ఇప్పుడు మనం ఉన్న చోటికి వద్దాం. మనకు అన్నం పెడుతున్న దేశం చట్టాల గురించి మాట తూచి రాయాలి, అట్లాగే జరిగిన మంచిని జరిగినట్టు చెప్పాలి. కఫాలా పద్ధతి చట్టంలో ఏ దేశం పేరూ ఉండేది కాదు, విదేశీ కార్మికుడు అని మాత్రమే ఉండేది. కానీ ఎన్‌వోసీ ఇవ్వకపోతే ఇంజనీరు వేరే దారి చూసుకోగలడు, అప్పు చేసి వచ్చిన షట్టరింగ్ కార్పెంటరు చూసుకోలేడు. 2014లో అంతర్జాతీయ కార్మిక సంస్థలో ఖతార్ మీద ఫిర్యాదు పడింది, 2017లో ఒప్పందంతో అది ముగిసింది. 2018లో మనలాంటి వాళ్ళలో ఎక్కువమందికి ఎగ్జిట్ పర్మిట్ పోయింది, 2020లో ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు కూడా పోయింది. అదే ఏడు సెప్టెంబరులో కంపెనీ మారడానికి ఎన్‌వోసీ అక్కర్లేకుండా చేశారు. 2021 మార్చి నుంచి ఏ దేశం వాడికైనా కనీస జీతం 1,000 రియాళ్ళు, తిండి, వసతి కంపెనీ చూడకపోతే తిండికి 300, వసతికి 500 అదనం. పాస్‌పోర్టు రంగును బట్టి జీతం కట్టే ఈ ప్రాంతంలో 'ఏ దేశం వాడికైనా' అన్న మాట చట్టంలోకి ఎక్కడం పెద్ద సంగతే. గుండు వేసి చూస్తే ఇంకా ఒరిగి ఉన్నది ఒకటి కనబడుతుంది. పారిపోయాడని యజమాని ఒక్క ఫిర్యాదు పెడితే మనిషి ఇరుక్కుంటాడు. 1891 నాటి చీటీకి అది మరీ దూరం చుట్టం కాదు.

మన సొంత దేశం సంగతి రాయడానికి ఇంత తూకం అక్కర్లేదు. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద, పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది, గల్ఫ్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వ క్లియరెన్సు కావాలి. మోసపోకుండా కాపాడడానికే అంటారు, కొంత నిజం కూడా. 2018 జనవరిలో మాత్రం, ఈసీఆర్ వాళ్ళకు నారింజ రంగు అట్టతో వేరే పాస్‌పోర్టు ఇస్తామని కేంద్రం ప్రకటించింది. చదువు లేదన్న సంగతి ఎయిర్‌పోర్టు క్యూలో దూరం నుంచే తెలిసిపోయేది. గోల అయింది, కేరళలో హైకోర్టుకు పోయారు, జనవరి 30న ఆ ఆలోచన విరమించుకున్నారు. 2020 సెప్టెంబరులో గల్ఫ్‌కు పోయే మనవాళ్ళ కనీస వేతన రేట్లను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది కూడా మన ప్రభుత్వమే, ఉద్యోగాలు పోకుండా ఉంటాయని. ఎల్గిన్ బేరం గుర్తుకు రాక మానదు. తెలంగాణలోని గల్ఫ్ కార్మికుల తరఫున హైకోర్టులో కేసు పడింది, 2021 జులైలో పాత రేట్లే తిరిగి వచ్చాయి.

తిరిగి రానిది ఒకటుంది. ముప్పై ఏళ్ళ లోపు ఈసీఆర్ మహిళకు ఈ దేశాలకు క్లియరెన్సు ఇవ్వరు. ఇక్కడ కూడా పేరు కాపాడడమే. అదే వయసు, అదే చదువు ఉన్న మగవాడికి ఈ అడ్డు లేదు. కడప వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆడవాళ్ళు ఈ రూలు వల్ల ఆగిపోలేదు, విజిట్ వీసా మీద, ఏజెంటు చెప్పిన దొంగ దారిలో పోయారు. అట్లా పోయినవాళ్ళకు కష్టం వస్తే ఎంబసీ రికార్డులో కాంట్రాక్టు కాగితమే ఉండదు. ఈ 1983 చట్టాన్ని మార్చడానికి 2019లో, మళ్ళీ 2021లో ముసాయిదా బిల్లులు బయటపెట్టి జనం అభిప్రాయాలు అడిగారు. గడువు కొన్ని రోజులే, కాగితమంతా చట్టం భాషలోని ఇంగ్లిషు. మేము అడిగి చూసిన రెండు క్యాంపుల్లో ఆ సంగతి విన్నవాళ్ళు ఎవరూ లేరు.